ట్రాక్ పాడినవాళ్ళ పేరు ఎక్కడ రాస్తారు?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో, సంగీతం నేర్చుకుంటున్నవాళ్ళు, పాటలు రాస్తున్నవాళ్ళు కలిసిన ఒక సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? సరే, ఇంకొంచెం ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇందాక నన్ను పరిచయం చేసిన తమ్ముడు గాయని, గేయ రచయిత్రి అన్నాడు. రెండూ నిజమే. మీలో చాలామంది నా గొంతు వినే ఉంటారు, పేరు మాత్రం విని ఉండరు. ట్రాక్‌లు, అంటే పెద్ద గాయకులు వచ్చి పాడే ముందు నమూనాగా పాడేవి, పాడాను, కోరస్‌లో నిలబడ్డాను, చీరల షాపులకీ నూనె ప్యాకెట్లకీ జింగిల్స్ పాడాను, డబ్బింగ్ సినిమాలకి పాటలు రాశాను, భక్తి ఆల్బమ్‌లకి రాసి పాడాను, ఎన్నికలొస్తే ప్రచార పాటలు చేశాను. పొద్దున్నే మీ వీధిలోకి చెత్త బండి వస్తే ఒక పాట వస్తుంది కదా, అలాంటివి కూడా పాడాను. పాతికేళ్ళ పైమాటే ఈ పని చేస్తున్నాను, ఇంకా చేస్తాను.

ఎవరింటికైనా వెళ్ళి ఈ సంగతి చెబితే వాళ్ళు మొదట అనే మాట ఒకటే, 'అయ్యో పాపం, సినిమాలో మెయిన్ ఛాన్స్ రాలేదా' అని. ఆ పాపం అనే మాట వద్దని చెప్పడానికే ఇవాళ వచ్చాను. తెర వెనక పాడటం, రాయటం అనేవి పెద్ద ఛాన్స్ వచ్చేదాకా కాలక్షేపానికి చేసే పనులు కావు. అది విడిగా ఒక వృత్తి. దానికి వేరే నేర్పు కావాలి. పాట సగం అక్కడే తయారవుతుంది. అలా తయారవుతున్నప్పుడు మన పేరు కాగితం మీదకి ఎక్కకపోతే, తరవాత ఎవ్వరూ ఎక్కించరు. ఈ రెండు విషయాలూ కలిపి చెబుతాను, ఎందుకంటే మా తరంలో మొదటిది మాకు బాగా నేర్పారు, రెండోది ఎవరూ చెప్పలేదు.

అసలు నేపథ్య గానమే ఒకప్పుడు పేరు లేని పని. 1932లో భక్త ప్రహ్లాదతో తెలుగు టాకీ మొదలైనప్పుడు నటించేవాళ్ళే పాడుకునేవాళ్ళు. 1944లో తహసీల్దార్ సినిమాకి పాడిన ఎం.ఎస్. రామారావు గారిని మన తొలి నేపథ్య గాయకుడిగా చెప్పుకుంటాం. అంటే తెర మీద ఒకరు పెదవి కదపడం, తెర వెనక ఇంకొకరు పాడటం అనే ఏర్పాటుకి ఇంకా వందేళ్ళు కూడా నిండలేదు. హిందీలో 1949లో మహల్ అనే సినిమా వచ్చింది. అందులో లతా మంగేష్కర్ పాడిన పాట రికార్డు మీద ఆవిడ పేరు లేదు, సినిమాలో పాత్ర పేరు కామిని అని వేశారు. పాడింది ఎవరో చెప్పమని జనం రేడియోకి ఉత్తరాలు రాస్తే, రేడియోవాళ్ళు రికార్డు కంపెనీని అడిగి అప్పుడు చెప్పారు. లతా మంగేష్కర్ అంతటావిడ సంగతే అది! అంటే పేరు దానంతటది రాదు, ఎవరో ఒకరు అడిగితేనే వస్తుంది.

మన ఉత్తరాంధ్రకి ఈ తెర వెనక పనితో సంబంధం చాలా గట్టిది. ఘంటసాల గారు చదువుకున్నది విజయనగరం సంగీత కళాశాలలో, సుశీలమ్మ గారిది విజయనగరం, సాలూరి రాజేశ్వరరావు గారిది సాలూరు దగ్గర శివరామపురం. వీళ్ళు అందరికీ తెలుసు. నేను చెప్పాలనుకున్నది డబ్బింగ్ పాటల గురించి. 1950లో ఆహుతి అని ఒక హిందీ సినిమాని తెలుగులోకి తెచ్చారు, మన తొలి డబ్బింగ్ సినిమా అది. దానికి మాటలూ పాటలూ రాసింది ఎవరనుకుంటున్నారు? మన విశాఖ శ్రీశ్రీ. మహాకవి కూర్చుని, ఇంకో భాషలో కదిలిన పెదవులకి తెలుగు మాటలు సరిపెట్టాడు. ఆ తరవాత విజయనగరం నుంచి వచ్చిన రాజశ్రీ గారు ఆ పనిని ఎక్కడికో తీసుకెళ్ళారు. 1992లో వచ్చిన రోజా తెలుగు పాటలు ఆయనవే. ఆ పాటలు నోటికి వచ్చినవాళ్ళు లక్షల్లో ఉంటారు, రాసింది రాజశ్రీ అని తెలిసినవాళ్ళు ఎంతమంది? నాకు ఇది చాలా బాధగా ఉంటుంది, దాచుకోను.

డబ్బింగ్ పాట రాయటం ఎంత కష్టమో ఒక్క విషయం చెబుతాను. ప, ఫ, బ, భ, మ. ఈ అక్షరాలు పలకాలంటే రెండు పెదవులూ మూసుకోవాలి. తెర మీద హీరోయిన్ క్లోజప్‌లో ఉండి పెదవులు మూసిందనుకోండి, అక్కడ మన తెలుగు మాటలో ఈ అయిదింటిలో ఒకటి ఉండి తీరాలి. 'క' అనో 'ర' అనో వేస్తే చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది, ఏమిటో చెప్పలేడు, పాట మాత్రం నచ్చదు. దీనికి తోడు ఇంకో చిక్కుంది. తమిళంలో చాలా మాటలు హల్లుతో ఆగిపోతాయి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. అక్కడ నోరు మూసేశాక కూడా మనకి ఒక 'ఉ'నో 'ఇ'నో మిగిలిపోతుంది. దాన్ని ఎక్కడ దాచాలి? ముందు మాటలో ఒక మాత్ర, అంటే ఒక చిన్న అక్షరం పలికే కాలం, తగ్గించాలి, లేదంటే సున్నాతో ముగిసే మాట వెతుక్కోవాలి. లాంగ్ షాట్ అయితే బతికిపోతాం, కొంచెం అటూ ఇటూ అయినా తెలియదు. అందుకే డబ్బింగ్ రాసేవాళ్ళం కాగితం మీద ప్రతి లైను పక్కనా షాటు ఏమిటో రాసుకుంటాం. ఇంత చేసి, మీటరు తప్పకుండా, అర్థం చెడకుండా, వినేవాడికి ఇది మొదట తెలుగులోనే పుట్టిందేమో అనిపించాలి. ఇది రెండో రకం పని అనేవాళ్ళని ఒక్క చరణం రాసి చూపించమనండి.

ఇప్పుడు ట్రాక్ గురించి. ఎక్కువసేపు చెబుతాను, ఇక్కడ కూర్చున్న గాయనీ గాయకుల్లో చాలామంది మొదటి సంపాదన దీనితోనే వస్తుంది.

ఒకప్పుడు గాయకులూ ఆర్కెస్ట్రా అంతా ఒకేసారి కూర్చుని రికార్డింగ్ చేసేవాళ్ళు, వయొలిన్ ఆయన ఒక స్వరం జారినా మొత్తం మళ్ళీ మొదటికి. మల్టీట్రాక్ వచ్చాక ఎవరి భాగం వాళ్ళు విడిగా రికార్డు చేసుకోవడం కుదిరింది. అప్పటి నుంచి ట్రాక్ పాడేవాళ్ళకి పని పెరిగింది. సంగీత దర్శకుడు ట్యూను కట్టి, తననాలతో తను పాడింది ఫోనులో పంపిస్తాడు. మీరు స్టూడియోకి వెళ్ళేసరికి కీబోర్డు ప్రోగ్రామింగ్ అయిపోయి ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ వినిపిస్తుంటుంది. పావుగంటలో ట్యూను పట్టుకోవాలి. శ్రుతి మీది కాదు, తరవాత రాబోయే గాయకుడిది. మగ గొంతు పాటైతే ఒకటిన్నర శ్రుతి ఇస్తారు, అది మీకు హాయిగా ఉన్నా లేకపోయినా అందులోనే పాడాలి. సాహిత్యం అప్పటికి రాకపోతే డమ్మీ మాటలతో పాడాలి. ఆ ట్రాక్ విని డైరెక్టరు సరే అంటాడు, హీరో సరే అంటాడు, ఒక్కోసారి డాన్స్ మాస్టారు రిహార్సల్స్ కూడా దానిమీదే మొదలుపెట్టేస్తారు. ఆ తరవాత ఎప్పుడో పెద్ద గాయకుడు వచ్చి ఒక చెవిలో మన ట్రాక్ పెట్టుకుని లైను లైనుగా పాడి వెళతారు. మన గొంతు మ్యూట్ అయిపోతుంది.

మ్యూట్ అయ్యేది గొంతు మాత్రమే. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేను చూపించిన చోటే ఆయన తీసుకుంటాడు. అనుపల్లవి చివర నేను వేసిన చిన్న సంగతి, అంటే స్వరాల మలుపు, ఆయన పాటలో ఉంటుంది, ఇంకా అందంగా ఉంటుంది, కానీ పుట్టింది నా ట్రాక్‌లో. అది ఆయన తప్పేం కాదు, ట్రాక్ ఉండేదే అందుకు. అయితే ఆ సంగతి పుట్టిందన్న విషయం ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలని నేను అడుగుతున్నాను.

నేను రాయటం మొదలుపెట్టింది కూడా ఈ ట్రాక్‌ల వల్లే. ఎలాగో చూపిస్తాను. ఒక ట్యూను అనుకుందాం, 'తానన తాన తానన తానా'. నాలుగు, మూడు, నాలుగు, నాలుగు మాత్రలు. చివరి 'తానా' పై షడ్జం మీద నిలబడాలి, గట్టిగా, ఎనిమిది అక్షరాల కాలం. దానికి వచ్చిన సాహిత్యం, 'తీరము దాటి చేరెను గాలీ'. కాగితం మీద చక్కగా ఉంది, మాత్రలు సరిపోయాయి. ఇప్పుడు పాడి వినిపిస్తాను చూడండి... (పాడి వినిపించారు) ...ఆ చివర 'లీ' దగ్గర ఏమైంది? గొంతు బిగుసుకుంది. పై స్థాయిలో 'ఈ' పట్టుకుని నిలబడాలంటే శబ్దం సన్నబడిపోతుంది, నోరు తెరుచుకోదు. ఇప్పుడు ఇది వినండి, 'తీరము దాటి గాలులు రావా'... (పాడారు) ...మాత్రలు అవే, ట్యూను అదే, 'వా' దగ్గర గొంతు ఎలా విచ్చుకుందో చూశారా? భావం కూడా మారింది, ముందు ఒక వార్త చెప్పినట్టుంది, ఇప్పుడు ఎదురుచూసినట్టుంది. ఇలాంటి మార్పులు స్టూడియోలో రోజూ జరుగుతాయి. కవిగారికి ఫోన్ చేసి అడుగుతాం, మంచివాళ్ళు చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, కొందరు తామే ఇంకా మంచి మాట ఇస్తారు. అడగకుండా మార్చకూడదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. అలా ఒక మాట మార్చీ మార్చీ, ఒక లైను ఇచ్చి, ఒకరోజు చరణం మొత్తం రాసే పరిస్థితి వచ్చింది. పాడటం తెలిసినవాళ్ళు రాస్తే వచ్చే లాభం ఇదే. నోటికి ఏది హాయిగా ఉంటుందో తెలుసు. కొత్తగా రాస్తున్నవాళ్ళకి నేనిచ్చే సలహా, పాడలేకపోయినా ఫర్వాలేదు, రాసిన లైనుని ట్యూనులో పైకి అనండి, చివరి అచ్చు దగ్గర ఆగి వినండి. 'ఆ', 'ఓ' పైకి వెళతాయి, 'ఈ' కింద స్థాయిలో బావుంటుంది.

ఇక కాగితం సంగతి. ఇది చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది, కొంచెం ఓర్చుకోండి.

క్యాసెట్ల రోజుల చివర్లో ఒక ఆల్బమ్ కంపెనీ, పేరు అనవసరం, సింహాద్రి అప్పన్న మీద పాటలు కావాలని పిలిచింది. రాశాను, కొన్ని పాడాను కూడా. డబ్బు చేతికిచ్చారు, రసీదు లేదు, ఒప్పందం లేదు, అడిగితే 'మన ఊరివాళ్ళమే కదమ్మా' అన్నారు. క్యాసెట్ బయటికొచ్చింది, అట్ట మీద రచన అని వేరే పేరుంది. తరవాత అదే సీడీ అయింది, ఆ తరవాత యూట్యూబ్‌కి ఎక్కింది, అక్కడా ఆ పేరే. ఒక చందనోత్సవం రోజు మెట్ల మీద క్యూలో కొందరు ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ అందులో ఒక పాట పాడుకుంటున్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. కోపం కూడా పోలేదు. దేవుడి పాటకి పేరెందుకు అని కొందరన్నారు నాతో. దేవుడి పాటకి పేరు అక్కర్లేకపోతే, వేరేవాళ్ళ పేరు ఎందుకు వేశారు?

అందుకే చట్టం చదివాను. మీకు క్లుప్తంగా చెబుతాను. మనది 1957 కాపీరైట్ చట్టం. సినిమాకి డబ్బులిచ్చి రాయించుకున్న పాట హక్కులు నిర్మాతవే అన్నట్టుగా 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చింది, దాంతో చాలా ఏళ్ళు రచయితలకీ సంగీత దర్శకులకీ ఒకసారి ఇచ్చిన పారితోషికమే మిగిలింది. 2012లో చట్టాన్ని సవరించారు. ఆ సవరణ కోసం జావేద్ అఖ్తర్ గారు రాజ్యసభలో సభ్యుడిగా ఉండి గట్టిగా పోరాడారు. ఇప్పుడు సినిమా హాల్లో సినిమాతో పాటు వేసే దానికి తప్ప, మిగతా చోట్ల, అంటే రేడియో, టీవీ, ఫోను, హోటల్, స్టేజి, ఇలా పాట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకీ స్వరకర్తకీ సమాన వాటా ఉంది. ఇంకా ముఖ్యం, ఆ వాటా నాకొద్దని మీరు రాసిచ్చినా అది చెల్లదు. వారసులకి గానీ, సభ్యుల తరఫున రాయల్టీలు వసూలు చేసే కాపీరైట్ సొసైటీకి గానీ తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. రచయిత కాపీరైట్ జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు. గాయకుల హక్కు పాడినప్పటి నుంచి 50 ఏళ్ళు. హక్కులు అమ్మేసినా, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది, 57వ సెక్షన్. అలాంటి సొసైటీలు మనకున్నాయి, రచయితలకీ స్వరకర్తలకీ ఐపీఆర్‌ఎస్, గాయకులకి 2013లో ఇస్రా పేరుతో మొదలై ఇప్పుడు ఇసమ్రా అయినది. సభ్యత్వం తీసుకోండి.

ఇప్పుడు మనలాంటి వాళ్ళు జాగ్రత్తగా వినాల్సిన విషయం. ఆ 2012 సవరణలోనే ఒక చిన్న వాక్యం ఉంది. సినిమాలో ఎవరి ప్రదర్శన అయినా పైపైన, యథాలాపంగా ఉండేదై, పరిశ్రమలో మామూలుగా పేరు వేయనిదై ఉంటే, వాళ్ళు చట్టం దృష్టిలో ప్రదర్శకులే కారు, తమ ప్రదర్శనని వక్రీకరించకుండా ఆపే ఒక్క నైతిక హక్కు వరకు తప్ప. చూశారా ఎంత తేలిగ్గా తీసేశారో! కోరస్‌లో నలుగురు హార్మొనీ పాడితే అది యథాలాపం అంటారా? పేరు వేయకపోవడం ఆనవాయితీ, ఆనవాయితీ కాబట్టి హక్కు లేదు, హక్కు లేదు కాబట్టి పేరు వేయరు. అందువల్ల కోరస్ వాళ్ళు పేరు అడిగితే అది గొప్ప కోసం అడిగినట్టు కాదు. టైటిల్స్‌లో ఆ ఒక్క లైను పడితే, రేపు ఎవరైనా నువ్వు ప్రదర్శకుడివే కాదు అనడానికి వీల్లేకుండా ఉంటుంది.

సరే, ఏం చేయాలి? పెద్ద లాయరు అక్కర్లేదు. పని మొదలుపెట్టే ముందు ఒక పేజీ కాగితం చాలు. ఎవరు ఎవరికి ఏ పాట కోసం ఏం చేస్తున్నారు, ఎంత ఇస్తున్నారు, పేరు ఎక్కడ ఎలా వేస్తారు, ఎన్నేళ్ళకి, ఎక్కడెక్కడ వాడుకుంటారు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. అందులో ఎన్నేళ్ళు అని రాయకపోతే చట్టం 5 ఏళ్ళే అనుకుంటుంది, ఎక్కడ అని రాయకపోతే ఇండియా వరకే. ఇద్దరు ముగ్గురు కలిసి రాస్తే ఎవరి వాటా ఎంతో అదే రోజు రాసుకోండి, దాన్ని స్ప్లిట్ షీట్ అంటారు. పాట హిట్టయ్యాక రాసుకుందాం అనుకుంటే స్నేహాలు పాడవుతాయి. మీరు మార్చిన లైను వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపండి, నోటితో చెప్పి ఊరుకోకండి, తేదీతో సహా అక్కడ ఉంటుంది. ఆన్‌లైన్‌లోకి పాట ఎక్కించేటప్పుడు ఒక ఫారం నింపుతారు, అందులో రచయిత, గాయకులు, బ్యాకింగ్ వోకల్స్ అని గడులుంటాయి. ప్రతి రికార్డింగుకీ ఐఎస్‌ఆర్‌సి అని దాన్ని గుర్తుపట్టడానికి అక్షరాలూ అంకెలూ కలిపి పన్నెండు ఉండే కోడ్ ఒకటి ఉంటుంది. ఆ ఫారం నింపే కుర్రాడితో స్నేహంగా ఉండండి, మీ పేరు స్పెల్లింగుతో సహా రాసి పంపండి. ఖాళీగా వదిలేసిన గడిని తరవాత నింపించడం చాలా కష్టం.

ఇప్పుడు కొత్తగా ఇంకో టెన్షన్ వచ్చింది, ఏఐ. ట్రాక్ పాడటానికి మనిషెందుకు, కంప్యూటర్ గొంతుతో పాడించేద్దాం అనేవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. బాలు గారు 2020లో వెళ్ళిపోయాక ఆయన గొంతుని ఏఐతో ఒక తెలుగు సినిమాలో వాడితే, వాళ్ళబ్బాయి చరణ్ గారు లీగల్ నోటీసు పంపించారు. అంత పెద్ద గొంతుకే అలా జరిగితే, హార్డ్ డిస్కులో పడి ఉన్న మన ట్రాక్‌లకి అడ్డేముంది? అందుకే ఆ ఒక పేజీలో ఇంకో లైను కలపండి, 'ఈ రికార్డింగును నా గొంతును పోలిన గొంతు తయారు చేయడానికి వాడరాదు' అని. నేను ఈమధ్య ప్రతి కాగితంలోనూ రాస్తున్నాను. ఒకరిద్దరు మొహం మాడ్చుకున్నారు, మిగతావాళ్ళు మాట్లాడకుండా సంతకం పెట్టారు.

చివరగా, చాలామంది ముందే చీటీల మీద రాసి పంపిన ప్రశ్న ఒకటుంది. వైజాగ్‌లో ఉండి ఈ పని చేయగలమా, హైదరాబాద్ వెళ్ళిపోవాలా అని. సినిమా పాటే కావాలంటే హైదరాబాద్ రాకపోకలు తప్పవు. నేను చెన్నైలో ఉన్నాను, హైదరాబాద్‌లో ఉన్నాను, తిరిగి ఇక్కడికే వచ్చాను. ఇక్కడ పని లేదనేది నిజం కాదు. ఎంవీపీ కాలనీలో, అక్కయ్యపాలెంలో అపార్టుమెంట్ గదుల్లో మంచి చిన్న స్టూడియోలున్నాయి. నేవీ హెలికాప్టర్ పైనుంచి వెళితే టేక్ ఆపాలి, ఉప్పు గాలికి మైకు పాడవకుండా డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోవాలి, అంతే. ట్రాక్ ఇక్కడే పాడి ఫైలు పంపిస్తే సరిపోతుంది. అనకాపల్లి నూకాంబిక, పైడితల్లి అమ్మవారు, పాడేరు మోదకొండమ్మ, ప్రతి జాతరకీ కొత్త పాటలు అడుగుతారు. ఎన్నికలొస్తే రాత్రీ పగలూ పనే. మన యాస తెలిసినవాళ్ళు కావాలని హైదరాబాద్ నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. జానపదం అడిగినప్పుడు మాత్రం ఒక్క మాట. తప్పెటగుళ్ళవాళ్ళ దగ్గరో జముకుల కథవాళ్ళ దగ్గరో పాట నేర్చుకుని వాడుకుంటే, నేర్పినవాళ్ళ పేరూ ఊరూ ఆ ఫారంలో రాయండి, డబ్బులో వాటా ఇవ్వండి. మన పేరు కోసం అడుగుతూ వాళ్ళ పేరు మింగేస్తే మనకి నోరుండదు.

నేను చెప్పిన ఒక పేజీ ఒప్పందం నమూనా తెలుగులోనే టైపు చేయించి తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉంది, తలొకటి తీసుకోండి. అయిపోతే జిరాక్స్ తీయించుకోండి. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. ఆ చివర చెయ్యెత్తిన చెల్లాయి, ముందు నువ్వు చెప్పమ్మా.